మిగిలింది తినడం గొప్పేం కాదు

అమ్మ చేతి వంట మీద ఎన్ని కవితలైనా రాస్తారు. ఆ అమ్మ ఏం తిందో మాత్రం ఎవరూ అడగరు. పైగా అందరికీ పెట్టి చివర్లో మిగిలింది తినే ఆవిడని దేవతని చేసి కూర్చోబెడతారు. నా గొడవంతా ఆ దేవత హోదా మీదే.

బ్రూస్ ఏమ్స్ అని అమెరికాలో, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త ఉండేవారు. 2024లో, 95 ఏళ్ల వయసులో పోయారు. ఆయన 2006లో ఒక సిద్ధాంతం చెప్పారు. ఒంటికి విటమిన్లు, ఖనిజాలు చాలకపోతే, ఉన్న కాస్తా ఇవాళ ప్రాణం నిలిపే పనులకే ముందు వెళ్తుందట. రేపు ముసలితనంలో అక్కరకొచ్చే మరమ్మతులు వాయిదా పడతాయట. పైకి ఏ జబ్బూ కనపడదు, లోపల అరుగుదల సాగుతూనే ఉంటుంది. యుద్ధంలో గాయపడ్డవాళ్లలో ఎవరికి ముందు వైద్యం చెయ్యాలో తేల్చే ట్రయాజ్ అనే పద్ధతి పేరే దీనికీ పెట్టారు. పాపం, మన వంటిల్లు చూసి ఉంటే పేరు కోసం యుద్ధభూమి దాకా వెళ్లక్కర్లేకపోయేది. ఆఫీసుకెళ్లే మనిషికి ముందు, బడికెళ్లే పిల్లలకి తర్వాత, మందులేసుకునే మామగారికి ఆ తర్వాత. ఇంటావిడకి గిన్నె అడుగు.

మైటోకాండ్రియా అంటే మన కణాల్లో ఉండే పొయ్యిలనుకోండి. తిన్నది శక్తిగా మారేది ఎక్కువగా అక్కడే. ఆ పొయ్యి సరిగ్గా మండాలంటే ఇనుము కావాలి. ఐరన్ అనగానే మనకి రక్తమే గుర్తొస్తుంది. కానీ రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌లో ఇనుము చేరేది కూడా మైటోకాండ్రియాలోనే. ఇనుము తగ్గినా, మరీ ఎక్కువైనా మైటోకాండ్రియా దెబ్బతింటాయని ఏమ్స్ బృందం 2002లో ఎలుకల్లో చూపించింది.

ఎలుకల సంగతి మనకెందుకంటారా? సరే, మన సంగతే చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దేశం మొత్తంలో ఆడవాళ్లకి 57 అయితే, మగవాళ్లకి 25. రక్తహీనతంతా ఇనుము లోపమే కాదు, కానీ పెద్ద కారణాల్లో అదొకటి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకి మగవాళ్లకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడవాళ్లకి 29. అంటే 29 కావలసినావిడ, 19 చాలే ఆయన తిన్నాక కూర్చుంటుందన్నమాట!

"ఇప్పుడెవరింట్లో అలా ఉందండీ, అందరం కలిసే తింటున్నాం" అనేవాళ్లున్నారు. కలిసి కూర్చుంటాం, నిజమే. మధ్యలో వేడి దోసె కోసం లేచేదెవరు? కోడికూరలో కార్జం ముక్క ఎవరి కంచంలో పడుతుంది? ముక్కలు అయిపోయాక "నాకు పులుసంటేనే ఇష్టం" అనేదెవరు?

అలా తినీ తినక నీరసంగా ఉందంటే, "ఇంట్లోనేగా ఉండేది, నీకేం అలసట?" అంటారు. ఈ మాట మగవాళ్ల కంటే ఆడవాళ్ల నోటే ఎక్కువ విన్నాను. కణానికి ఇల్లూ ఆఫీసూ తేడా తెలియదమ్మా, ఇనుము ఉందా లేదా అన్నదే దానికి తెలుసు.

ఇక మైటోకాండ్రియా పేరు చెప్పి అమ్మే పొడులు, మాత్రలు. ఏమ్స్ కూడా ఒక సప్లిమెంట్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరే, కాబట్టి మాత్రల విషయంలో ఆయన మాట నాకు వేదం కాదు. ఆ డబ్బా ధరకి ఎన్ని వారాల తోటకూర, ఉలవలు, గుడ్లు వస్తాయో లెక్కేసుకోండి. నీరసం వదలకపోతే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. గర్భిణులు కాని ఆడవాళ్లకి 12 కంటే తగ్గితే రక్తహీనతే. మాత్రలు డాక్టరు చెప్పాకే వేసుకోవాలి. అన్నం తినగానే టీ తాగితే తిన్న ఇనుము సరిగ్గా ఒంటపట్టదు, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది.

రేపు కూర దించగానే, ఎవరికీ వడ్డించకముందే, మీ వాటా ఓ గిన్నెలోకి తీసి మూతపెట్టండి. ఎవరైనా మొహం అదోలా పెడితే 29కీ 19కీ తేడా చెప్పండి. అప్పటికీ వినకపోతే, ఎల్లుండి వంట వాళ్లనే చెయ్యమనండి.