బృందగానం చరిత్ర మద్రాసులోనే ఆగిపోవాలా?

మన దగ్గర బృందగానం చరిత్ర అనగానే బండి తిన్నగా మద్రాసుకెళ్ళి ఆగుతుంది. 1893లో అక్కడ మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ పుట్టింది. నగరం, సంఘం, కచేరీలు: చరిత్ర రాయడానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఆ సంఘం మీద నాకు కోపం లేదు. అదే ప్రెసిడెన్సీలోని కర్నూలు, కడపల్లో జనం కలిసి పాడిన పాటను మన సంగీత చరిత్రా, సాహిత్య చరిత్రా పట్టించుకోకపోవడం మీదే నా పేచీ.

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. 1876–78 నాటి ధాత కరువు తర్వాత సీమలో మాల, మాదిగ కుటుంబాలు పెద్దఎత్తున మిషన్లలో చేరాయి. చర్చిల్లోకి ఇంగ్లీషు పాటల అనువాదాలు వచ్చాయి, నిజమే. వాటితోపాటు పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివాళ్ళ తెలుగు కీర్తనలూ వచ్చాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిచి చూడండి. పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఒకరు చరణం ఎత్తుకుంటే అందరూ పల్లవి అందుకుంటారు. అచ్చం మన భజన పద్ధతే. గుడి గడప తొక్కనివ్వని మనుషులు కలిసి కూచుని శంకరాభరణం, మోహన పాడుకున్నారు. ఇది చిన్న సంగతా?

‘అది మత ప్రచారం, సాహిత్యం కాదు’ అంటారు. మరి తాళ్ళపాక అన్నమయ్య పాడింది దేనికోసం? భక్తి ఒకచోట సాహిత్యమై, ఇంకోచోట ప్రచారం ఎలా అవుతుంది? ‘గంజి కోసం మతం మారినవాళ్ళు’ అని ఇంకో మాట. సరే, కడుపు కోసమే వచ్చారనుకుందాం. కరువు పోయాక కూడా తరాల తరబడి ఆ పాట ఎందుకు పాడుతున్నట్టు?

తొందర ఎందుకంటే, మామూలుగా దొరికే కీర్తనల పుస్తకాల్లో స్వరాలు ఉండవు. రాగం పేరు కాగితం మీద ఉంటుంది, వరస మాత్రం పాడేవాళ్ళ గొంతులో ఉంటుంది. ఇప్పుడు కీబోర్డు వాయించే కుర్రాడికి సులువైన వరసే అందరి వరసా అయిపోతోంది. ఈ నష్టం కడప గడ్డకు కొత్త కాదు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగాల పేర్లు మిగిలాయి గానీ, పాత వరసలు చాలామటుకు పోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో విద్వాంసులు కూచుని మళ్ళీ కట్టాల్సి వచ్చింది.

ఆ పాఠం నేర్చుకున్నామా? నంద్యాల, జమ్మలమడుగు, కర్నూలు చర్చిల్లో పాత వరసలు తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, సంగీత శాఖలు ఒక రికార్డరు పట్టుకుని వాళ్ళ దగ్గరకు వెళ్ళాలి. ఆ పని చేయకుండా రాసే తెలుగు పాట చరిత్రను నేను సగం చరిత్ర అనే అంటాను.