బోడిగుట్ట మీద వెయ్యి గజాలు

‘మినరాలిటీ’ అనే మాట విన్నప్పుడల్లా నాకు తెలుగు పుస్తక సమీక్షల్లోని ‘మట్టి వాసన’ గుర్తొస్తుంది. రెండూ ఒకే జాతి మాటలు. ఏ మట్టో చెప్పక్కర్లేదు, ఎక్కడిదో చెప్పక్కర్లేదు. అన్నవాడికి అభిరుచి ఉందని మాత్రం తేలిపోతుంది.

మొన్నామధ్య కోకాపేటలో ఒక మిత్రుడి ఫ్లాటులో, ఇరవై రెండో అంతస్తులో, ఈ మాట ఒక్క రాత్రిలో ఏడెనిమిది సార్లు విన్నాను. అందరం సాఫ్ట్‌వేర్ వాళ్లమే. అతను పారిస్ నుంచి మోసుకొచ్చిన సీసా డొమేన్ లఫ్లేవ్ వాళ్ల పులిన్యీ-మోన్‌రషే. షార్డొనే ద్రాక్షతో చేసిన తెల్ల వైన్. బావుంది. చాలా బావుంది. దాన్ని వెటకారం చేయడానికి ఇది రాయడం లేదు. నిమ్మతొక్క, వేయించిన బాదం, తర్వాత నాలుక మీద చాలాసేపు నిలబడే ఒక పదును. “సున్నపురాయి నేల కదరా, ఆ రాయి తెలుస్తోంది చూడు,” అన్నాడు మిత్రుడు. బాల్కనీ అవతల క్రేన్ల మీద ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. కింద ఇంకా పేల్చాల్సిన రాయి కొంచెం మిగిలుంది. అది ఎవరికీ తెలియలేదు.

నా గొడవ అక్కడ మొదలైంది.

ముందు ఆ రాయి సంగతి. ద్రాక్ష వేరు సున్నపురాయిని పీల్చి గ్లాసులోకి పంపదు. అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇదే మొత్తుకుంటున్నాడు, 2018లో ఏకంగా పుస్తకమే రాశాడు. రాయి చేసే పని వేరే ఉంది. నీటిని ఎంతసేపు పట్టి ఉంచుతుంది, ఎప్పుడు వదిలేస్తుంది, ఎండకి ఎంత వేడెక్కుతుంది, ఇలాంటివి. అంటే నేలకీ నేలకీ తేడా నిజమే. కానీ ఆ తేడా మనిషికి తెలియాలంటే ఒకే నేలలో ఒకే పంట తరాల తరబడి నిలవాలి, పక్క చేనుతో పోల్చి చూసేవాళ్లు ఉండాలి, చూసింది రాసిపెట్టుకోవాలి. ఫ్రెంచివాళ్లు టెర్వార్ అని మురిసిపోయేది ఈ మొత్తం తతంగాన్ని. మనం తాగుతున్నది కూడా దాన్నే.

మోన్‌రషే అంటే బోడిగుట్ట అని అర్థం చెబుతారు. మొత్తం ఎనిమిది హెక్టార్లు, మన లెక్కలో ఇరవై ఎకరాలకి పిసరు తక్కువ. దాని కోసం పులిన్యీ అనే ఊరు 1879లో తన పేరు చివర ఆ గుట్ట పేరు తగిలించుకుంది. 1937లో ఆ చేనుకి సొంత అపెలాసియోఁ వచ్చింది. అంటే ఏ ద్రాక్ష వేయాలి, ఎంతకు మించి దిగుబడి తీయకూడదు, ఏ హద్దుల లోపల పండితే ఆ పేరు పెట్టుకోవచ్చు, అన్నీ చట్టమే చెబుతుంది. చేనుకి దిగువన రోడ్డు దాటితే పేరు బాతార్-మోన్‌రషే అయిపోతుంది, ధర కూడా దిగుతుంది. బర్గండీలో ఇలా పేరూ హద్దూ ఉన్న 1,247 చెక్కల్ని 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మనకి రామప్ప గుడి ఎలాగో వాళ్లకి ఆ చేలు అలాగ.

ఇప్పుడు లఫ్లేవ్ వాళ్ల కథ. మాలాంటివాళ్లు సిగ్గుపడాల్సింది దీన్ని చూసి. ఆ ఎస్టేటుని నిలబెట్టిన జోసెఫ్ లఫ్లేవ్ ఇంజనీరు. ఫ్రాన్స్ తొలి జలాంతర్గామి పనిలో పాలుపంచుకున్నవాడు. ఫిలోక్సెరా పురుగు తోటల్ని తినేసి, రేట్లు పడిపోయి, జనం అమ్ముకుంటున్న రోజుల్లో, 1905 నుంచి ఇరవై ఏళ్ల పాటు అతను భూమి కొన్నాడు. కొని ఏం చేశాడంటే, అంటు మొక్కలు తెచ్చి మళ్లీ ద్రాక్షే వేశాడు. కారుచౌకగా భూమి కొన్న ఇంజనీర్లు నాకు చాలామంది తెలుసు. రెండో పని చేసినవాడు ఒక్కడూ తెలీదు.

అతని మనవరాలు ఆన్-క్లోద్ లఫ్లేవ్ 1990లో బాధ్యత తీసుకుంది. ఆ రోజుల్లోనే క్లోద్ బుర్గిన్యోఁ అనే మట్టి శాస్త్రవేత్త, బర్గండీ తోటల మట్టిలో సహారాలో ఉన్నంత జీవం కూడా లేదని బాంబు పేల్చాడు. రసాయనాల పుణ్యం. ఆమె 1997 కల్లా ఎస్టేటు మొత్తాన్ని బయోడైనమిక్ సేద్యంలోకి మార్చేసింది. ఆవు కొమ్ములో పేడ కూరి చలికాలమంతా పాతిపెట్టడం లాంటివి అందులో ఉంటాయి. ఆ కొమ్ము మహత్యం మీద నాకు నమ్మకం లేదు. ఇదే పని మన ఊళ్లో ఒక ముసలాయన చేస్తే ఆ రాత్రి గ్లాసులు తిప్పినవాళ్లు ఏమనేవాళ్లో కూడా తెలుసు. కానీ అయిదేళ్లలో అమ్ముకుని పోదామనుకునేవాళ్లు మట్టి గురించి అంత కంగారు పడరు. 1991లో ఆ కుటుంబం అసలు మోన్‌రషేలో ఒక ముక్క కొంది. ఎనిమిది ఆర్లు చిల్లర. గజాల్లోకి మార్చి చూశాను, వెయ్యికి కొంచెం తక్కువ. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా ప్లాటు. దాంట్లోంచి ఏడాదికి వచ్చేది ఒక పీపాకి అటూ ఇటూ. పీపా అంటే 228 లీటర్లు, మూడు వందల సీసాలు.

ఇక మన తెల్ల ద్రాక్ష. అనాబ్-ఎ-షాహీ పేరు ఆ రాత్రి బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురిలో ఒక్కరే విన్నారు. ఆమెది మేడ్చల్. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదులో ఈ రకాన్ని నాటాడని ఉద్యానశాఖ సాహిత్యం చెబుతుంది. కోలగా, పండితే తేనెరంగు తిరిగే కాయ, లోపల గింజ. ఇక్కడ చలికి తీగ నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క పంట తీసుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఎండాకాలంలో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. పందిళ్ల మీద పాకించారు. నగరం చుట్టూ, ముఖ్యంగా మేడ్చల్, శామీర్‌పేట వైపు, ఆ పందిళ్లు ఉండేవి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రం ఊరికే పెట్టలేదు.

దీన్ని రియల్ ఎస్టేట్ ఒక్కటే చంపలేదు, నిజం చెప్పాలి. గింజలేని థామ్సన్ వచ్చింది, నాసిక్, సాంగ్లీ పోటీకొచ్చాయి, బూజు తెగులుకి అనాబ్-ఎ-షాహీ తట్టుకోదు, బోర్లు ఎండాయి. రైతు అమ్ముకున్నాడంటే అతన్ని అనడానికి నేనెవర్ని? ఇంకో మాట కూడా ముందే ఒప్పుకుంటాను: ఆ ద్రాక్షతో వైన్ చేస్తే అది మోన్‌రషే కాదు. తినే పండు అది, వైన్‌కి చాలినంత తీపి ఉండదు. కల్లే మన మోన్‌రషే అని కూడా వాదించను, ఆ వ్యాసం ఇప్పటికే చాలామంది రాశారు.

నేను అడిగేది వేరు. మేడ్చల్ పందిరి కింద కాసిన కాయకీ శామీర్‌పేట కాయకీ తేడా ఏమిటో మనకి రాసిపెట్టిన వాక్యం ఒక్కటి ఎందుకు లేదు? చెల్క, దుబ్బ, రేగడి, చవుడు అని అన్ని మాటలున్న భాషలో, ఆ మాటల్ని ఫలానా సర్వే నంబరుతో కలిపి వాడిన సమీక్షకుడు ఎవరు? ‘మట్టి వాసన’ అని రాసి దణ్ణం పెట్టేస్తాం. బహుశా పేరు పెట్టి రాస్తే, అది పోయినప్పుడు పోయిందని కూడా పేరు పెట్టి రాయాల్సి వస్తుందని భయం కాబోలు.

ఫ్రాన్సులో ఆ నేల బతికింది ఖరీదైనది కాబట్టే, ఇక్కడ కుదరదు అని మిత్రుడి వాదన. సరే, లెక్క వేద్దాం. బర్గండీలో అన్నిటికన్నా పై తరగతి, గ్రాండ్ క్రూ తోటల సగటు ధర హెక్టారుకి ఆరు మిలియన్ యూరోలు దాటింది. ఉదారంగా ఎకరాకి ముప్పై కోట్లు వేసుకోండి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. అంటే మనది దానికి మూడింతలు! ఖరీదే నేలని కాపాడేదైతే ప్రపంచంలో అతి పదిలమైన మట్టి మా ఆఫీసుల వెనకే ఉండాలి. అక్కడ ద్రాక్ష పీకేస్తే నేల ధర పడిపోతుంది. ఇక్కడ పీకేస్తేనే లేస్తుంది. ఈ తిరకాసంతా చట్టం ఎటు నిలబడింది అన్న దాంట్లో ఉంది. నాలుకకీ రాయికీ ఇందులో సంబంధం లేదు.

మనకి అలాంటి చట్టం అసలు లేదనీ కాదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల దాకా పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. 84 ఊళ్లు, లక్షా ముప్పై రెండు వేల ఎకరాలు. మనం నేల మీద గీసిన అతి పెద్ద గీత అదేనేమో. నీళ్ల కోసం గీసిందే, పంట కోసం కాదు, అయినా గీత గీతే. 2022 ఏప్రిల్లో 69 జీవో దాన్ని సడలించింది. ఆ వారం మా ఆఫీసు వాట్సాప్ గుంపుల్లో వచ్చినవన్నీ మొయినాబాద్, శంకర్‌పల్లి ప్లాట్ల బ్రోచర్లు. ఆ బ్రోచర్లు పంపినవాళ్లే వైన్ క్లబ్బులో ఉన్నారు. రెండు గుంపుల్లోనూ నేనూ ఉన్నాను.

సీసా అయిపోయాక మిత్రుడు దాన్ని కడిగి, లేబుల్ తడవకుండా తుడిచి అలమరలో పెట్టాడు. నేను ఇంటికొచ్చి నా ఫ్లాటు సేల్ డీడ్ తీశాను. పదేళ్ల నాటిది, సంతకం పెట్టిన రోజు తప్ప చదవలేదు. సర్వే నంబరు ఉంది. అవిభక్త వాటా కింద నాకొచ్చిన నేల 42 గజాలు. అక్కడ ముందు ఏముండేదో ఎక్కడా లేదు. చివరి పేజీలో హద్దులు రాసున్నాయి. ఉత్తరం: ఓపెన్ టు స్కై. దక్షిణం: ఓపెన్ టు స్కై. తూర్పు: పక్క ఫ్లాటు. పడమర: కారిడార్, లిఫ్టు.