లేజర్ చేయించినా చూపు పెరగలేదేం?

ప్రశ్న: మా నాన్నగారి వయస్సు 58. మగ్గం నేస్తారు. 12 ఏళ్ళుగా షుగర్ ఉంది. కర్నూలులో కుడికంటికి ఒక విడత లేజర్ చేసి, ఇంకా రెండుసార్లు రమ్మన్నారు. చూపు పెరగలేదు సరికదా, చీకటి పడితే ఇదివరకటికంటే తక్కువ కనిపిస్తోందట. ‘ఉన్న కన్ను కాల్పించుకున్నావు’ అని ఆదోనిలో ఉండే మా మేనత్త భయపెట్టింది. ఇక వెళ్ళనంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఎమ్మిగనూరు

జవాబు: ముందు మీ నాన్నగారిని కర్నూలు బస్సెక్కించండి. మిగతాది దారిలో చదివి వినిపించవచ్చు.

మీ మేనత్తగారి మాటలో కొంత నిజం ఉంది. లేజర్ కాలుస్తుంది. కాల్చడమే వైద్యం. కంటి వెనుక రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే అందులోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. ప్రాణవాయువు చాలక ఆ పొర మీద కొత్త నాళాలు పుడతాయి. అవి నాసిరకం నూలులాంటివి, ఇట్టే తెగుతాయి. తెగితే కన్ను లోపల రక్తం నిండుతుంది. ఒక్కోసారి పొరే ఊడి వస్తుంది. రెటీనా అంచుల్లో వెయ్యికి పైగా చిన్న చుక్కలు కాలిస్తే మిగిలిన భాగానికి ప్రాణవాయువు సరిపోతుంది, కొత్త నాళాలు ఎండిపోతాయి. అన్నీ ఒకేసారి కాలిస్తే కన్ను లోపల వాపు రావచ్చు, అందుకే విడతలు. అంచులు కాలాయి గనుక చీకట్లోనూ, పక్కలకూ చూపు కొంత తగ్గుతుంది. పోగు అతికేది మాత్రం నడిమి చూపుతో. దాన్ని కాపాడడానికే ఇదంతా.

శుక్లం ఆపరేషన్‌లాగా లేజర్ తర్వాత చూపు పెరుగుతుందని ఆశపడకూడదు. ఉన్నది పోకుండా ఆపుతుంది, అంతే. ఈ మాట ముందే విడమరచి చెప్పకపోవడం మా డాక్టర్ల తప్పే. అమెరికాలో 1,700 మందికి పైగా రోగులకు ఒక కంటికి లేజర్ చేసి, రెండోదానికి చేయకుండా గమనించారు. లేజర్ చేసిన కళ్ళలో చూపు బాగా పోవడం సగానికి పైగా తగ్గిందని 1976లో తేలింది.

ఇంజెక్షన్లు వచ్చాయి కదా అనవచ్చు. రెటీనా నడిమి భాగం వాచి చూపు తగ్గితే ఇప్పుడు ముందుగా వాటినే ఇస్తున్నారు. కొత్త నాళాలకూ పనిచేస్తాయి. అయితే మొదట్లో నెలనెలా వెళ్ళాలి. మధ్యలో మానేస్తే ఆ నాళాలు మళ్ళీ విజృంభిస్తాయి. మాటిమాటికీ మగ్గం ఆపి వెళ్ళలేని మనిషికి లేజరే నమ్మకం. మీ నాన్నగారికి ఏది తగునో కన్ను చూసిన డాక్టరే చెప్పాలి.

ఎడమకంటి సంగతి మీరు రాయలేదు. దాన్నీ చూపించండి. చుక్కల మందు వేశాక కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, ఒంటరిగా పంపకండి. ఈలోగా కంటి ముందు నల్లని దారాలు, మసి తేలినట్లు కనిపించినా, తెర దించినట్లున్నా ఆ రోజే బయలుదేరాలి. షుగరుతోపాటు రక్తపోటు కూడా అదుపులో ఉండాలి.

అన్నట్లు, మీ మేనత్తగారు షుగర్ పరీక్ష చేయించుకున్నారా? తోడబుట్టినవారికి ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ. ఉందని తేలితే, చూపు బాగానే ఉందనిపించినా ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించాలి. ఆదోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి చూడమనండి. లేదా మీతోపాటే కర్నూలు తీసుకువెళ్ళండి.