కనబడని కత్తి

వెలుతురంటే కనబడేదనిన్నీ, చీకటంటే కనబడనిదనిన్నీ చిన్నప్పటినుంచీ మనకొక నమ్మకం. కాని కనబడని వెలుతురు కూడా వున్నది. అది కట్టెను కోస్తుంది, కాగితాన్ని కాలుస్తుంది, అడ్డం వస్తే కన్ను కూడా పట్టుకుపోతుంది. ఆరు నెలలుగా అటువంటి వెలుతురొకటి రాజమండ్రిలో మా పెరటి వసారాలో కాపురం వుంటున్నది.

"తెలుగు మేష్టారివి. హాయిగా ఛందస్సు చెప్పుకోక నీకీ లేజరు గొడవ ఎందుకయ్యా?" అని మా కాలేజీలో అడగనివారు పాపాత్ములు. మీరూ అడుగుతారని తెలుసు గనుక ముందే చెప్పేస్తాను.

మా బి.ఏ. తరగతిలో పుట్టుకతోనే చూపులేని అమ్మాయి ఒకతె వున్నది. బ్రెయిలులో చదువుకుంటుంది. మన దేశభాషలన్నిటికీ ఉమ్మడిగా ఒక బ్రెయిలు 1951లో ఏర్పడింది. అందులో 'క' అంటే తెలుగుకైనా హిందీకైనా అవే చుక్కలు. అక్షరం మొత్తం వేలికొస కింద ఇమిడిపోతుంది. ఆరు చుక్కల సంసారం. తలకట్టు లేదు, కొమ్ము లేదు. నేనేమో తరగతిలో నిలబడి "ఇక్కడ గుడి వస్తుంది, అక్కడ సుడి వస్తుంది" అని గంటల తరబడి చెప్పేవాణ్ణి. ఒకనాడు పాఠం అయ్యాక ఆ పిల్ల నా బల్ల దగ్గరకు వచ్చి, "మాస్టారూ, గుడి అంటారే, గోపురంలా వుంటుందా?" అని అడిగింది. మరో వారానికి అసలు సంగతి చెప్పింది. ఎక్కడ కాగితం ఇచ్చినా వేలిముద్ర వెయ్యమంటున్నారట. "నా పేరు నేను వ్రాసుకోవాలి మాస్టారూ. అదెలా వుంటుందో తెలియకుండా ఎలా వ్రాయను?"

సరే, చెక్క అక్షరాలు చేయిద్దామని మా వీధి వడ్రంగిని పిలిచాను. పనివాడే. 'ల', 'ట', 'జ' చక్కగా కోసిపెట్టాడు. 'ఠ' దగ్గర చేతులెత్తేశాడు. సున్న లోపల చుక్క, పైన తలకట్టు; కోస్తే మూడూ మూడు ముక్కలై రాలిపోతాయి. "మీ తెలుగుకి ఇన్ని సుళ్లెందుకండీ మేష్టారూ, నా రంపం తిరగదు" అన్నాడు. రంపానికి తెలిసినంత లిపిశాస్త్రం మా ఎం.ఏ. పుస్తకాల్లో కూడా లేదు.

అప్పుడు రంగప్రవేశం చేశాడు మా మేనల్లుడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాడు. "మావయ్యా, వెలుతురుతో కోద్దాం" అన్నాడు. బోర్డులు చేసే దుకాణాల్లో ఈ యంత్రాలు వున్నమాట నిజమే. కాని అక్కడ ఒకసారి కోసి, డబ్బు పుచ్చుకొని పంపిస్తారు. మా పని అలాంటిది కాదు. అక్షరం కోయాలి, ఆ పిల్ల తడమాలి, "ఇక్కడ వేలు తప్పిపోతున్నది" అనాలి, మార్చి మళ్లీ కోయాలి. యాభయ్యారు అక్షరాలకు, గుణింతాలకు, ఒత్తులకు అలా ఎన్నిసార్లు దుకాణం మెట్లెక్కేది? పైగా వాడికి తన చేతులతో కట్టాలని మహా సరదా. ఖర్చు మాట మా ఆవిడ చదివేచోట వ్రాయను.

లేజరు పుట్టింది 1960 మే 16న. అమెరికాలో థియొడార్ మైమన్ అనే ఆయన కెంపు కడ్డీలోనుంచి మొదటి కిరణాన్ని రప్పించాడు. మా వసారాలోని రకాన్ని 1964లో కనిపెట్టినవాడు మాత్రం మనవాడే: కుమార్ పటేల్. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్లి బెల్ లాబరేటరీలో చేరాడు. బొగ్గుపులుసు వాయువుతో, అదేనండీ, కార్బన్ డయాక్సైడుతో, కిరణం పుట్టించాడు. సరిగ్గా ఆ ఏడే 'గోల్డ్‌ఫింగర్' సినిమా వచ్చింది. జేమ్స్ బాండును బల్లకు కట్టేసి ఎర్రటి లేజరుతో నిలువునా కోయబోతారు. 1959 నాటి నవలలో అక్కడున్నది వట్టి గుండ్రటి రంపం. సినిమావాళ్లు రంపాన్ని తీసి లేజరు పెట్టారు. ఆ ఎర్రగీత జనం మనస్సులో అలాగే నిలిచిపోయింది. మా యంత్రం చూడవచ్చిన ప్రతివాడూ "కిరణం ఏదండీ?" అని వెతుకుతాడు. మన కంటికి అందే ఎరుపు సుమారు 0.7 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. దీని తరంగం పొడుగు 10.6 మైక్రాన్లు. వెతికి లాభం లేదు.

కిరణం పుట్టేది మూడడుగులైనా లేని గాజుగొట్టంలో. లోపల కార్బన్ డయాక్సైడు, నైట్రోజను, హీలియం కలిపి నింపుతారు. విద్యుత్తు తగలగానే ముందు నైట్రోజనుకు వూపు వస్తుంది. అది తన వూపును పక్కవాడికి, అంటే కార్బన్ డయాక్సైడుకు, అందిస్తుంది. వాడు దాన్ని వెలుతురుగా కక్కేస్తాడు. హీలియం వాణ్ణి చల్లబరచి మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. మా గొట్టం 40 వాట్లది. పాత ట్యూబులైటు తినేదీ 40 వాట్లే కదా అంటారేమో. ట్యూబులైటు వెలుతురు గదంతా పరుచుకుంటుంది. ఇది మిల్లీమీటరులో అయిదో వంతైనా లేని చుక్కలోకి దిగుతుంది. 40 వాట్ల కిరణం ఇవ్వడానికి అది తినేది దాదాపు పదింతలు. మిగిలినదంతా వేడి. అందుకే గొట్టం చుట్టూ నీళ్లు తిరుగుతూ వుండాలి. ఆగితే గాజు పగులుతుంది.

నీళ్లంటే మా వూళ్లో కొదవా? గోదావరి ఒడ్డున వున్నాం. చల్లటి నీళ్లకే కొదవ. గొట్టానికి 20 డిగ్రీలు ఇష్టం. వైశాఖమాసంలో మా డాబామీది తొట్టి నీళ్లతో కాఫీ కలుపుకోవచ్చు. మంచు కట్టిన నీళ్లసీసాలు బక్కెట్లో వేస్తున్నాం. మరీ చల్లబడితే అదొక చిక్కు. మా వూరి ఉక్కకు గొట్టం ఒళ్లంతా చెమట పడుతుంది. తడి వున్నచోట పెద్ద కరెంటు తన దారి తాను వెతుక్కుంటుంది. ఆ కరెంటు ఎంతనుకున్నారు? 15 వేల వోల్టుల పైమాట. ఇంట్లో వుండేది 230. స్విచ్చి కట్టేసినా అది కాసేపు పెట్టెలో పొంచి వుంటుంది. కిరణానికంటే నేను దీనికే ఎక్కువ భయపడతాను. పెరట్లో కొత్త గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, వేరే ఎర్తు వేయించి, యంత్రం చట్రాన్ని దానికి కలిపిన తరువాతనే ప్లగ్గు పెట్టనిచ్చాను. నీటిధార ఆగితే కరెంటు దానంతటదే ఆగే స్విచ్చి కూడా వున్నది.

కదిలే భాగాలు అంత కష్టం కాదు. అల్యూమినియం కడ్డీలు, బెల్టులు సికింద్రాబాదు రాణీగంజిలో దొరికాయి. మోటార్లు, సర్క్యూట్లు హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో. మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 మెట్లు. ఇరవై పళ్ల చక్రం, పంటికి రెండు మిల్లీమీటర్ల బెల్టు. అంటే మెట్టుకు మిల్లీమీటరులో అయిదో వంతు. దాన్ని మళ్లీ సర్క్యూటు పదహారు భాగాలు చేస్తుంది. తలవెంట్రుక కంటే సన్నటి అడుగులన్నమాట. లెక్క అప్పగిస్తే బల్లమీద 'అ' తిరగడం క్షణాలమీద పని.

ప్రాణం తీసేవి అద్దాలు. గొట్టంలోనుంచి వచ్చిన కిరణం మూలనున్న మొదటి అద్దానికి తగిలి, కదిలే కడ్డీమీది రెండోదానికి పోయి, అక్కడినుంచి తలకాయలోని మూడోదానికి మళ్లి, లెన్సుగుండా కిందికి దిగుతుంది. కిరణం కనబడితే ఇదొక పూట పని. కనబడదే! అందుకని రెండో అద్దం ముఖాన కాగితపు టేపు అంటించి, కడ్డీని దగ్గరకు తెచ్చి, ఒక్క లిప్త కరెంటు ఇస్తాం. టేపుమీద గోధుమరంగు చుక్క పడుతుంది. కడ్డీని దూరం జరిపి మళ్లీ ఒక చుక్క. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే కిరణం కడ్డీ దారిలోనే పోతున్నట్లు. పడకపోతే మొదటి అద్దం వెనకనున్న మూడు మరలలో ఒకదాన్ని గోరంత తిప్పాలి. మావాడు మొదట చుక్కను అద్దం నడిమధ్యకు తేవాలని తంటాలు పడ్డాడు. మధ్యకు రావడం తరువాతి మాట. దగ్గరా దూరమూ ఏకమవడం ముందు. ఆ ఒక్క సంగతి పట్టుబడ్డాక రెండు సాయంత్రాల్లో అయిపోయింది. వసారా నిండా మాడిన టేపు ముక్కలు.

ఈ పనికి మూత తెరిచి వుంచక తప్పదు. కళ్లు పోయే ఘడియ ఇదే. 10.6 మైక్రాన్ల కిరణం కంటి లోపలిదాకా వెళ్లదు. పైనున్న పారదర్శకపు పొరనే కాలుస్తుంది. అందుకని కళ్లద్దాలమీద 10600 అన్న అంకె వున్నదో లేదో చూసి మరీ కొన్నాం. నీలపు లేజర్లకు అమ్మే అద్దాలు వేరు. ఆ కిరణం కనబడుతుంది గాని, లోపలి తెరదాకా పోతుంది. దేనికి దానివే.

అద్దాలు కుదిరిన తరువాత మూత తెరిస్తే కిరణం ఆగేటట్లు స్విచ్చి పెట్టమన్నాను. మావాడు పెట్టాడు. పెట్టి, దాని రెండు తీగలూ కలిపేసి ముడి వేశాడు. "ఊరికే ఆగిపోతున్నది మావయ్యా, చూస్తూ వుంటే గాని పని తెలియదు" అన్నాడు. నేను శాస్త్రం చెప్పాను, కోపం చేశాను. వాడు నవ్వాడు. మా ఆవిడ కాఫీ గ్లాసులు అక్కడ పెట్టి, "మూత తీస్తే మా బట్టల మిషనే ఆగిపోతుందిరా. నీ మిషనుకి ఆపాటి బుద్ధి కూడా లేదా?" అన్నది. ముడి ఆ పూటే విప్పాడు. మూతకు దళసరి అక్రిలిక్ కిటికీ వేశాం. మన కంటికి స్పష్టంగా కనబడే అక్రిలిక్ ఈ కిరణానికి గోడ. తాళంచెవి మాత్రం నా మొలతాడుకే వున్నది.

ఇటువంటిది కట్టే వుద్దేశం మీలో ఎవరికైనా వుంటే రెండు మాటలు. రెక్సిన్నూ, ఫ్లెక్సీ గుడ్డనూ దీనికింద పెట్టకండి. అవి పి.వి.సి. సరుకు, కాలితే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. మనిషి వూపిరితిత్తులు, యంత్రం ఇనుము రెండూ తింటుంది. చెక్కపొగ కూడా పీల్చదగినది కాదు. ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి బయటికి పంపాలి. కోత సాగుతున్నంతసేపూ పక్కన మనిషి వుండాలి, ఎందుకంటే అక్రిలిక్ గాని చెక్క గాని ఉన్నట్టుండి మంట పట్టుకుంటుంది. అన్నివేల వోల్టుల దగ్గర నీళ్లు చల్లరాదు. కార్బన్ డయాక్సైడు సిలిండరు వుంచుకున్నాం. కోసేదీ అదే, ఆర్పేదీ అదే!

ఇక అక్షరాలు. రాలిపోయే తలకట్టుకు ఉపాయం ఇలా చేశాం. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్డులో అక్షరాన్ని ముక్కలుగానే కోసి, అడుగుపలకమీద అదే అక్షరం ఆనవాలును తక్కువ శక్తితో గీయిస్తాం. 'ఠ'లో చుక్క, 'ధ' కింది గీత తమ తమ చోట్ల జిగురుతో కూర్చుంటాయి. ఒక దుకాణంవాడు ఇచ్చిన ప్లైవుడ్డు లోపలి జిగురు కిరణాన్నే మింగేసింది. పై పొర తెగింది, నడిమి పొర నల్లబడి నవ్వింది. సరుకు మార్చాక తేలిగ్గా తెగింది.

మొదటి పలకలు కాలేజీకి పట్టుకువెళ్లిన రోజున ఆ అమ్మాయి 'కి' మీద చాలాసేపు వేలు తిప్పింది. "ఇదా గుడి? తలుపే లేదే మాస్టారూ!" అన్నది. నిజమే. ఎన్నేళ్లుగా పాఠం చెబుతున్నానో, ఆ గుడికి తలుపు లేదన్న మాట నాకు తోచలేదు. 'కు' తడిమి, "కొమ్ము మాత్రం కొమ్మే" అని ఒప్పుకున్నది. 'ప', 'ఫ' పక్కపక్కన పెడితే తేడా పట్టేసింది గాని 'మ', 'య' దగ్గర తికమక పడింది. వాటిని పెద్దవిగా మళ్లీ కోశాం.

పేరుకు వేరే ఏర్పాటు కావలసివచ్చింది. ఉబ్బెత్తు అక్షరం వేలికి బాగుంటుంది, కలానికి కాదు. కలం నడవాలంటే గాడి కావాలి. అక్షరం అంచు వెంట కాకుండా, చెయ్యి వ్రాసే దారి వెంట అక్రిలిక్ పలకలో రెండు మిల్లీమీటర్ల గాడి తీయించాం. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ చిన్న గుంట. ఆమె పేరులో ఒత్తు ఒకటి వుంది. దానికోసం చెయ్యి ఎత్తి మళ్లీ దింపాలి గనుక అక్కడ ఇంకో గుంట. నాలుగు పలకలు మారాక దారి కుదిరింది. నెలన్నర పాటు రోజూ గాడిలో వ్రాసింది. తరువాత పలక తీసేసి వట్టి కాగితంమీద.

మొన్న పరీక్ష దరఖాస్తులు తీసుకునేరోజున నేనూ కౌంటరు దగ్గరే వున్నాను. గుమాస్తాగారు అలవాటుగా సిరాదిండు ముందుకు జరిపారు. ఆ పిల్ల కలం అడిగింది. సంతకం చేయవలసినచోట అంచుకు స్నేహితురాలు అట్టముక్క ఆన్చి పెట్టింది. రెండో అక్షరం ఒత్తు కాస్త దూరంగా పడింది. చివరి అక్షరం గీత దిగింది. గుమాస్తాగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన ముద్ర కొట్టి, తరువాతి దరఖాస్తు అందుకున్నారు.