చేప కాలినంతసేపు

చేప అంటే మనకు ఆదివారమే. పొలుసు గీకి, కల్లుప్పూ పసుపూ వేసి రుద్ది కడిగి, చింతపండు నానేసి, వెడల్పాటి మట్టి దాకలో గరిటె పెట్టకుండా కుదుపుతూ కాచిన పులుసు మర్నాటికి గానీ తన రుచి చూపించదు. ఆ మర్యాద పులుసుకు తగినదే. కానీ దానివల్ల చేప తీరికున్నవాళ్ల వంటగా మిగిలిపోయింది. రాత్రి ఎనిమిదింటికి అలసిపోయి ఇల్లు చేరినవాళ్లు ఫ్రిజ్‌లోని నిన్నటి కూరతో సరిపెట్టుకుంటున్నారు.

నిజానికి మాంసాలన్నిటిలోకీ తొందరగా ఉడికేది చేపే. దాని ఒంటి బరువును నీళ్లే మోస్తాయి గనుక కండకు గట్టి పీచుతో పనిలేదు. ఉన్న కాస్తా కొద్దిపాటి వేడికే కరిగిపోతుంది. వేలిమందం ముక్కకు పెనం మీద ఒక్కోవైపు మూడు నాలుగు నిమిషాలు చాలు. ఇంకాసేపు ఉంచితే ఎండిపోతుంది.

ఆ కాస్త వ్యవధిలోనే పచ్చిమసాలా నూరుకోవచ్చు. ఒక కట్ట కొత్తిమీర, గుప్పెడు పుదీనా, రెండు పచ్చిమిరపకాయలు, ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, నిమ్మకాయ పిండి, రెండు చెంచాల నువ్వులనూనె కలపాలి. లేత కాడలు పారేయకండి, వాటిలో బోలెడు వాసన ఉంది. నిమ్మరసం చేప నీచును కూడా అణుస్తుంది. ఈ ముద్దను మాత్రం పొయ్యి ఎక్కించకూడదు. కొత్తిమీర పరిమళం వేడికి నిలవదు. పార్సీలు పాత్రానీ మచ్ఛీకి ఇలాంటి పచ్చడినే కొబ్బరితో నూరి, చేపకు పట్టించి, అరిటాకులో చుట్టి ఆవిరికి పెడతారు. అక్కడ వాసనకు ఆకు కాపలా. మన పెనానికి ఆ కాపలా లేదు కాబట్టి, ముక్క దించాకే పైన వేయాలి.

వంజరం, పండుగప్ప దీనికి బాగా కుదురుతాయి. తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను అయితే ముళ్ల బెడదా తక్కువే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు సెలవు. ఆ రెండు నెలలూ చెరువు చేపలున్నాయి. బొచ్చె, శీలావతి కొనేటప్పుడు పొట్ట ముక్కలు అడగండి, సన్నముళ్లు అంతగా ఉండవు.

మొన్న మా అమ్మకు ఇలా వండిపెట్టాను. "పులుసు లేకుండా అన్నంలోకి ఏం కలుపుకోవాలిరా?" అంది. ఆ పచ్చిముద్దే వేడన్నంలో కలిపి, ముళ్లు తీసిన ముక్క పక్కన పెట్టాను. మాట్లాడకుండా తింది. కాసేపటికి రోలు తన దగ్గరికి జరుపుకుని, అడుగున మిగిలింది వేలితో తీసుకుంది.