వ్యానులో వేణ్ణీళ్ళు

పోయిన వేసవిలో ఒక పాత ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యాను కొన్నాను. వెనకంతా ఖాళీ చేసి మంచం, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు సొంతంగా బిగించుకుంటున్నా. చెక్కపని, వైరింగు బాగానే నడిచాయి గానీ స్నానానికి వేణ్ణీళ్ళ దగ్గర రెండు నెలలు ఇరుక్కుపోయా. మన సాఫ్ట్‌వేరు బుద్ధి ఎక్కడికి పోతుంది? రిక్వైర్‌మెంట్లు రాసుకోకుండానే హీటర్లన్నిటినీ పోలుస్తూ ఇంత పొడుగు స్ప్రెడ్‌షీటు తయారుచేశా.

మా ఆవిడ అది చూసి ఒక్కటే అడిగింది. "ఇంతకీ మనకి ఎన్ని నీళ్ళు కావాలండీ?"

నిజమే కదా! ఇంట్లో షవరు నిమిషానికి 2.5 గ్యాలన్లు వదులుతుందనుకుంటే, పది నిమిషాలకి 25 గ్యాలన్లు. నా వ్యాను ట్యాంకే 20 గ్యాలన్లు. అదే బకెట్టూ చెంబూ అయితే 20 లీటర్లలో తలస్నానం కూడా అయిపోతుంది. చిన్నప్పటినుంచీ చేసిందేగా.

ఇప్పుడు లెక్క తేలిక. 20 లీటర్లని 15 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకి తేవాలంటే సుమారు 580 వాట్ అవర్లు. ఇన్వర్టరు మింగేది కలిపితే 640. నా దగ్గరున్నది 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, అంటే 2,560 వాట్ అవర్లు. ఒక్క స్నానానికి పావు వంతు బ్యాటరీ హాం ఫట్. ఇద్దరం చేస్తే సగం. ఇక ఫ్రిజ్ సంగతి? చలికాలం మబ్బుల్లో సోలార్ సంగతి? పోనీ ట్యాంకు లేని ఇన్‌స్టంట్ కరెంటు హీటరు పెడదామంటే, నిమిషానికి 5.7 లీటర్ల చిన్న ధారకే 10 కిలోవాట్లు కావాలి. 12 వోల్టుల మీద అది 800 ఆంపియర్లు! నవ్వుకుని ఆ కాలమ్ చెరిపేశా.

మిగిలింది గ్యాసు. మా ఫ్రెండొకడు "ఆ పోర్టబుల్ ప్రొపేన్ గీజరు కొనెయ్యరా, చవగ్గా అయిపోద్ది. లోపల గోడకి తగిలించి ఐదు నిమిషాలు వాడితే ఏమవుద్ది?" అన్నాడు. ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ఆ రకం గీజర్ల డబ్బా మీదే రాసుంటుంది, ఆరుబయట మాత్రమే వాడమని. 10 కిలోవాట్ల మంటకి గంటకి 9-10 ఘనపు మీటర్ల గాలి కావాలి. పెద్ద వ్యానులో ఉండే గాలే ఇంచుమించు అంత. పైగా అది అంతా అయిపోయేదాకా ఆగదు, ఆక్సిజన్ తగ్గడం మొదలైతేనే కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. కాస్త తలనొప్పి, కళ్ళు తిరగడం, అంతే, మనిషి పడిపోతాడు. మన ఊళ్ళలో కిటికీ మూసిన బాత్రూముల్లో గ్యాస్ గీజర్లు ప్రాణాలు తీసిన వార్తలు చదవలేదా మనం? వ్యాను అంతకంటే ఏం పెద్దది? నా పిల్లలు పడుకునే డబ్బా అది.

గ్యాసే కావాలంటే గాలి బయటనుంచి పీల్చుకుని పొగ బయటికే వదిలే సీల్డ్ రకాలున్నాయి, ట్రూమా కాంబి లాంటివి. మంచివే, కాకపోతే వేల డాలర్లు. నా బడ్జెట్టు కాదు.

చివరికి పడవల్లో వాడే ట్యాంకు హీటరు దగ్గర ఆగాను. ఇంజను కూలెంటు దాని లోపలి గొట్టాల్లోంచి తిరుగుతుంది. రేడియేటరులో ఎటూ వృథాగా పోయే వేడే కదా, డ్రైవ్ చేసి వచ్చేసరికి నీళ్ళు ఊరికే కాగి ఉంటాయి. 10 లీటర్లు 65 డిగ్రీలకి కాగితే, అంతే చన్నీళ్ళు కలిపి ఒక బకెట్టు సిద్ధం. బండి కదలని రోజుల కోసం అందులోనే 750 వాట్ల కాయిల్ ఉంది, ముప్పావుగంట పడుతుంది. సేఫ్టీ వాల్వూ, చన్నీళ్ళు తనే కలిపే మిక్సింగ్ వాల్వూ మాత్రం తప్పనిసరి. ఇంజను వేడికి కాగిన నీళ్ళు సెకన్లలో చర్మం ఊడగొడతాయి. హీటర్లో మంట లేకపోయినా, వంటకి స్టవ్వుంది కాబట్టి మంచం పక్కన కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టా.

ఒకేచోట మూడు రోజులు మకాం వేస్తే బ్యాటరీకి కష్టమే, ఒప్పుకుంటా. అప్పుడు స్టవ్వు మీద గిన్నెడు నీళ్ళు కాచుకుంటాం, పైన ఫ్యాను వేసి, కిటికీ తెరిచి.

బకెట్టు మాత్రం ఇంకా కొనలేదు. ఇక్కడి షాపుల్లో దొరికేవన్నీ తుడుపు నీళ్ళ బకెట్లలాగే ఉన్నాయని మా ఆవిడ ఒప్పుకోవట్లేదు.