తినేవారిని గెంటిన భోజనశాల

గత వేసవిలో మా అమ్మాయి ఇంట ఉండగా, లండనులోని గ్రీనిచ్‌కు వెళ్ళి, థేమ్స్ నది ఒడ్డున ఉన్న పెయింటెడ్ హాలును చూచి వచ్చాను. మెడ నొప్పి పుట్టేదాకా దాని పైకప్పునే చూచాను. ఆ అందంతో నాకు తగవు లేదు. నా తగవంతా దాని కథను మనం చెప్పుకొనే తీరుతోనే.

అది చిత్రశాలగా పుట్టలేదు. ముసలి నావికుల భోజనశాలగా పుట్టింది. వయసుడిగిన, అంగవికలులైన నావికుల కోసం 1694లో విలియం, మేరీ రాజదంపతుల పేర అక్కడొక ఆశ్రమం ఏర్పడింది. క్రిస్టఫర్ రెన్, హాక్స్‌మూర్ దానికి శిల్పులు. ఆ శాల గోడలకూ పైకప్పుకూ జేమ్స్ థార్న్‌హిల్ 1707 నుండి 1726 వరకు రంగులద్దాడు. తీరా పని పూర్తయ్యాక తేలినదేమనగా, ఆ శాల నావికులు కూర్చుని తినడానికి మరీ గొప్పదైపోయిందట! వారి భోజనం కిందనున్న నేలమాళిగలోనే సాగింది. పై శాల సందర్శకుల పాలైంది.

ఆ ఆశ్రమం ఎవరి సొమ్ముతో నడిచింది? రాజుగారి దానం ఒక్కటే కాదు. ప్రతి నావికుడి జీతంలోనూ నెలకు ఆరు పెన్నీలు దాని కోసం కోసుకొనేవారు. సొమ్మొకడిది, సోకొకడిది అని మన పెద్దలన్నది ఇందుకే కదా!

ఈ మాట ఇంటికి వచ్చాక అన్నాను. మా అల్లుడు నవ్వి, "అంత అందమైన చోట సూపు ఒలకబోస్తే బాగుంటుందా, మామయ్యగారూ?" అన్నాడు. చాలామంది వాదమూ ఇదే. కాని 1869లో ఆశ్రమం మూతపడిన తరువాత ఆ ఆవరణలోకి నౌకాదళ కళాశాల వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో దాని అధికారులు ఆ శాలలోనే భోంచేశారు. నేడు రుసుము చెల్లించినవారికి దానిని విందులకు అద్దెకిస్తున్నారు. అంటే సూపు ఒలకడం కాదు ఇబ్బంది. ఎవరి చేతినుండి ఒలుకుతుందన్నదే అసలు సంగతి.

పైకప్పు మీద నాలుగు ఋతువుల బొమ్మలున్నాయి. శిశిరానికి నమూనాగా నిలిచినవాడు జాన్ వర్లీ అనే ఆశ్రమవాసి, తొంభై దాటిన ముదుసలి. ఆయన ముఖానికి పైన చోటు దొరికింది. ఆయన తోటివారి కంచాలకు కింద చోటు దొరకలేదు. 1806 జనవరిలో నెల్సన్ భౌతికకాయాన్ని ప్రజల దర్శనార్థం ఉంచినదీ ఆ శాలలోనే. చచ్చిన సేనానికి తలుపులు తెరుచుకున్నాయి, బ్రతికిన నావికుడికి కాదు.

అందం, అన్నం ఒకచోట ఇమడవా? అదే నగరంలో చెల్సీకి వెళ్ళి చూడండి. అక్కడ వృద్ధ సైనికుల ఆశ్రమాన్ని 1682లో రెండవ చార్లెస్ స్థాపించాడు. శిల్పి ఆ రెన్ మహాశయుడే. నడుమ ముఖద్వార మండపం, ఒక ప్రక్క ప్రార్థనాలయం, రెండవ ప్రక్క భోజనశాల, త్రాసులోని రెండు తట్టలవలె ఎదురెదురుగా నిలిచాయి. అన్నం పరబ్రహ్మస్వరూపమని నమ్మే మనకు ఆ అమరిక అర్థాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. ఆ శాలనూ మధ్యలో చాలాకాలం వేరే పనులకు మళ్ళించారు. కాని 1955లో తప్పు దిద్దుకుని మళ్ళీ భోజనానికే ఇచ్చారు. నేటికీ వృద్ధ సైనికులు పొడవాటి బల్లల ముందు కూర్చుని అక్కడ తింటున్నారు. చార్లెస్ రాజు గోడమీది చిత్రంలోనుండి చూస్తూనే ఉన్నాడు. వారు తిన్నందువల్ల ఆ శాల గొప్పతనం వీసమెత్తు తగ్గలేదు.

కనుక నా మనవి ఒక్కటే. "భోజనానికి మరీ గొప్పదైపోయింది" అనే మాటను మెచ్చుకోలుగా చెప్పడం మానుదాం. అది శాలకు కితాబు కాదు, కట్టించినవారి మీద అభియోగం. గ్రీనిచ్‌లో ఏడాదికొక్కనాడైనా వృద్ధ నావికులను ఆ పైకప్పు కింద కూర్చోబెట్టి, రుసుము లేకుండా కడుపునిండా పెట్టాలి. ఆనాడుగాని ఆ కట్టడం పూర్తయినట్టు కాదు.